సముద్రం అడుగున రోటి చప్పుడు

నవంబరు 9, ఆదివారం. ఉదయం పదకొండు గంటలు. గణపవరం దాటి కొల్లేరు వైపు వెళ్ళే దారిలో ఒక చేపల చెరువు, దాని గట్టు మీది రేకుల షెడ్డు.

హాజరైనవారు: నేను. నా భార్య. పెంటపాడు దగ్గర పుట్టి, సబ్‌మెరీన్లలో వంట చేసి, రిటైరయ్యాక ఈ చెరువు తవ్వించుకున్న అన్నయ్య. ఆయన భార్య, మా వదిన. పుణె నుంచి రైల్లో ఏలూరు దాకా వచ్చిన మా పాత కెప్టెన్ గారు, వయసు దాదాపు డెబ్భై. ఒక నల్లరాతి రోలు, పచ్చడి బండతో సహా.

రోలుని హాజరు పట్టీలో రాస్తుంటే నా భార్య భుజం మీదుగా చూసి, "దాని సంతకం కూడా తీసుకోండి" అంది. నవ్వితే నవ్వింది గానీ, ఆ రోలు లేకపోతే పైన రాసిన వాళ్ళలో ముగ్గురం ఆ ఆదివారం భోజనానికి వచ్చి ఉండేవాళ్ళం కాదు. సముద్రం అడుగున ఉండేవాళ్ళం. ఇప్పుడు ఉద్యోగాల్లో చేరుతున్న చిన్నవాళ్ళ కోసం ఆ సంగతి రాస్తున్నాను. చెప్పకూడని వివరాలు చెప్పను. పేర్లు అసలే చెప్పను.

ముందు నా పని గురించి నాలుగు మాటలు. సబ్‌మెరీన్‌ని మేం ఓడ అనం, బోటు అంటాం. అది నీళ్ళలోకి దిగిందంటే దానికి ఇక కళ్ళు ఉండవు, చెవులే. ఆ చెవుల దగ్గర కూర్చునేవాడిని నేను. సోనార్ అంటారు. ఇరవై రెండేళ్ళు తలకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని సముద్రాన్ని విన్నాను. రొయ్యల గుంపు దగ్గరికొస్తే నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు ఉంటుంది. దూరాన సరుకుల ఓడ పోతుంటే ఎడ్లబండి చక్రం తిరిగినట్టు ఉంటుంది. బ్యాటరీ మీద నెమ్మదిగా నడిచే సబ్‌మెరీన్ మాత్రం దాదాపు వినపడదు. పక్క గదిలో ఎవరో ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డారన్న అనుమానం లాంటిది, అంతే. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. చెరువుల్లో నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లు తిరుగుతుంటే వాటి రెక్కలు ఎన్నో తెలియకుండానే లెక్కపెట్టేస్తుంటాను.

రెండో అలవాటు డైరీ. ఎనిమిదో తరగతి నుంచి ఒక్క రోజు మానలేదు. బోటులో నన్ను ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. "రిజిస్టరు" అనేవారు. ఆ పేరు పెట్టింది అన్నయ్యే.

అన్నయ్యకీ నాకూ బంధుత్వం లేదు. వాళ్ళది పెంటపాడు పక్కన, మాది ఏలూరు. డెబ్భై మంది రకరకాల భాషల వాళ్ళున్న ఇనపగొట్టంలో ఇద్దరికే వచ్చిన భాష మాట్లాడుకోవడం కన్నా దగ్గరి చుట్టరికం ఏముంటుంది? ఒకసారి సెలవు అయిపోయి ఇద్దరం కలిసి తిరిగి వెళుతూ తాడేపల్లిగూడెం బజారులో ఈ రోలు కొన్నాం. మిక్సీలో వేసిన కందిపచ్చడి పచ్చడే కాదని అన్నయ్య వాదన. గోనెసంచిలో చుట్టి, చెరో చెవీ పట్టుకుని రైలెక్కించాం. టికెట్ కలెక్టరు వచ్చి కాలితో తట్టి, "ఏంటండీ ఈ మూట?" అన్నాడు.

"గవర్నమెంటు సామానండి. ముట్టుకోకండి, సీక్రెట్టండి" అన్నాడు అన్నయ్య. ఆయన నిజంగానే రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆ ఏడాది మేం తిన్న తిండి గురించి ఇప్పుడు రాస్తే ఆకలేస్తుంది. కందిపప్పు, ఎండుమిరపకాయలు వేయించి, వెల్లుల్లి, జీలకర్ర వేసి రోట్లో నూరి, వేడన్నంలో నెయ్యితో పెడితే పంజాబీ వాళ్ళు, మలయాళం వాళ్ళు కూడా కంచాలు పట్టుకుని వరసలో నిలబడేవారు. అన్నయ్య నూరడంలో ఒక తీరు ఉంది. మూడు మెత్తని దెబ్బలు, ఆ తర్వాత బండకి అంటిన పచ్చడి రాలడానికి రోటి అంచు మీద ఒక గట్టి దెబ్బ. ధబ్, ధబ్, ధబ్, టక్. ఒక ఊపిరి ఆగి, మళ్ళీ.

ఆ తీరే మా స్నేహానికి చేటు తెచ్చింది. చేటు తెచ్చింది అనకూడదేమో, తెచ్చింది నేనే. ఏడాదికోసారి బోటుని రేవులో కట్టేసి, బయట నీళ్ళలో మైకు వేలాడదీసి, లోపలి చప్పుళ్ళు ఏవేవి బయటికి పాకుతున్నాయో వినే పరీక్ష ఉంటుంది. వినేవాడిని నేను, రాసేవాడిని నేను. ఆ జాబితాలో పద్నాలుగో నంబరు నకలు ఇప్పటికీ నా డైరీలో ఉంది: "వంటగది. రాతి రోలు. మూడు మెత్తగా, ఒకటి గట్టిగా, ఒక ఊపిరి విరామం. చాలా దూరం వినిపించును. ప్రమాదకరం." అప్పటి కెప్టెన్ రోలు దించెయ్యమన్నారు.

అన్నయ్య తిట్టి ఉంటే బాగుండేది. ఆయన వంటగది గుమ్మంలో నిలబడి, "చాలా బాగా రాశారండి. మీ చేతిరాత ముత్యాలేనండి" అన్నాడు. నన్ను "ఏరా" తప్ప అనని మనిషి. మా గోదావరి వాళ్ళ మర్యాద ఎంత చల్లగా ఉంటుందో ఆ రోజు తెలిసింది. రెండు నెలలకి మా జోడు బోటుకి, అంటే అచ్చం మా దానిలాంటి రెండో బోటుకి, బదిలీ అడిగి వెళ్ళిపోయాడు. అక్కడ రోలు ఎక్కిందని ఒక పుకారు. నేను అడగలేదు. అయిదేళ్ళు పలకరింపులు కూడా "బావున్నారాండీ" దగ్గరే ఆగిపోయాయి.

ఆ తర్వాత వచ్చింది ఆ వేసవి. సరిహద్దు కొండల మీద ఫిరంగులు మోగుతున్నాయి. కింద, సముద్రంలో, మేం. మా గొట్టాల్లో ఎక్కించిన టార్పెడోలు విన్యాసాలకు వాడే ఉత్త టార్పెడోలు కావు, అసలైనవి.

నీటి కింద పోరాటం అంటే సినిమాలో లాగా ఉండదు. ఇద్దరు గుడ్డివాళ్ళు ఒకే గదిలో చెరొక కత్తి పట్టుకుని, ఎవరు ముందు కదులుతారా అని వింటూ నిలబడటం. అందుకే సముద్రాన్ని చేపల చెరువుల్లా గళ్ళు గళ్ళుగా పంచుకుంటాం. ఒకరి చెరువులో మనవాళ్ళు ఇంకొకరు దిగరు. కాబట్టి మన గడిలో నీటి కింద ఇంకెవరైనా ఉన్నారంటే శత్రువే. అతను మనల్ని విన్నాడంటే మనకు మిగిలేది టార్పెడో వచ్చేంత సేపు.

నీళ్ళలోకి దిగిన తొమ్మిదో రోజు పొద్దున తొమ్మిదింటికి ఆ ఊపిరి బిగబట్టిన అనుమానం నా చెవిలో పడింది. కుడివైపు, ముందు. కెప్టెన్ గారికి, ఇప్పుడు పుణె నుంచి వచ్చినాయనకే, చెప్పాను. ఆయన వచ్చి నా వెనక నిలబడ్డారు.

"ఎవరు?"

"తెలియదు సార్. సబ్‌మెరీన్. నెమ్మదిగా దగ్గరికొస్తోంది."

అక్కడి నుంచి రెండున్నర గంటలు బోటులో ఎవరూ దగ్గలేదు. ఫ్యాన్లు ఆపేశారు. పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే, నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే. మా బోటు వంటవాడు చేతులు ఒడిలో పెట్టుకుని, ఆరిపోయిన పొయ్యి ముందు కూర్చున్నాడు. చెమట నా ముక్కు చివర నుంచి డైరీ మీద పడేది. ఆ మరకలు ఇంకా ఉన్నాయి. అవతలివాడు వస్తున్నాడు, ఆగుతున్నాడు, మళ్ళీ వస్తున్నాడు. వింటున్నాడన్నమాట.

పదకొండున్నరకి కెప్టెన్ గారు ఒకటో గొట్టం సిద్ధం చెయ్యమన్నారు. ఆయన గొంతు పాలవాడితో రేపు అరలీటరు ఎక్కువ వెయ్యమన్నంత మామూలుగా ఉంది. ఇక ఆ గొట్టం తలుపు తెరవాలి. తెరిస్తే చప్పుడవుతుంది. చప్పుడైతే అవతలివాడు కాలుస్తాడు. కాబట్టి తలుపు తెరిచామంటే వెంటనే కాల్చడమే.

అప్పుడు వినపడింది.

ధబ్, ధబ్, ధబ్, టక్.

ముందు నా గుండె అనుకున్నాను. గుండె అలా కొట్టుకోదు. ఒక ఊపిరి ఆగింది. ధబ్, ధబ్, ధబ్, టక్.

మా వంటగది వైపు చూశాను. మావాడి చేతులు ఒడిలోనే ఉన్నాయి. నేను చెయ్యెత్తాను.

"సార్. తలుపు తెరవకండి."

"కారణం?"

ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒక సోనార్ మనిషి తన కెప్టెన్‌కి ఇచ్చిన రిపోర్టుల్లో ఇంతకన్నా సిగ్గుచేటుది ఉండదు.

"కందిపచ్చడి సార్."

కెప్టెన్ గారు నా నుదురు మీద చెయ్యి పెట్టి చూశారు, జ్వరమేమోనని. నేను గబగబా చెప్పాను. మా జోడు బోటు, అందులో మా ఊరి వైపు వంటాయన, ఆయన రోలు. లాకరులోంచి పాత డైరీ తెప్పించి పద్నాలుగో నంబరు చూపించి, హిందీలో చదివి చెప్పాను. ఆయన ఒక హెడ్‌ఫోన్ చెవికి ఆనించుకుని, డైరీలో వాక్యం మీద వేలు పెట్టి, నాలుగు వరసలు విన్నారు.

"ఇలా ఇంకెవరూ నూరరా?"

"ప్రపంచంలో ఆయనొక్కడే సార్. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నది."

"వందకి ఎంత?"

"వందకి వంద సార్."

ఆయన నా ముఖంలోకి చూశారు. ఎంతసేపో డైరీలో రాసుకోలేదు, ఆ ఒక్కటీ మరిచిపోయాను. తర్వాత నీటి టెలిఫోను అందుకున్నారు. దాంట్లో మాట్లాడితే మాట నీళ్ళలో అన్ని వైపులకూ పోతుంది. స్నేహితుడైతే జవాబిస్తాడు. శత్రువైతే మేం ఎక్కడున్నామో మేమే విప్పి చెప్పినట్టు. ఆయన ఆ వారం గుర్తుమాట ఒక్కటే ఒక్కసారి పలికారు.

రోటి చప్పుడు ఆగిపోయింది.

నేను అంకెలు లెక్కపెట్టాను. ఇరవై ఆరు దగ్గర, నీళ్ళలోంచి గుడగుడమంటూ, ఆ గుర్తుమాటకి సరైన జవాబు వచ్చింది. ఎవరూ అరవలేదు. నిశ్శబ్దం ఆజ్ఞ ఇంకా ఉంది కదా. డెబ్భై మంది పెద్ద మగవాళ్ళు నోళ్ళకి చేతులు అడ్డం పెట్టుకుని, ఒకరి వీపు ఒకరు నిమురుకుంటూ నవ్వడం నేను ఆ ఒక్క రోజే చూశాను. మా వంటవాడు లేచి పొయ్యి వెలిగించాడు.

తర్వాత తెలిసింది, వాళ్ళ ఒకటో గొట్టం కూడా సిద్ధంగా ఉందని. మరి దారి తప్పి రెండో వాళ్ళ చెరువులో దిగింది ఎవరు? మేమే. దిక్కు చూపించే యంత్రం రెండు రోజులుగా అబద్ధం చెబుతోంది. ఇది రాయవచ్చా అని మొన్న కెప్టెన్ గారిని అడిగాను. "రాయి, పేరు మాత్రం రాయకు" అన్నారు.

నాలుగు వారాలకి రేవు చేరాం. గట్టు మీద అన్నయ్య స్టీలు డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇదిగోండి రిజిస్టరు గారూ. కందిపచ్చడి. ఎంట్రీ వేసుకోండి" అని డబ్బా నా చేతిలో పెట్టాడు. పెట్టి, ఇంక ఉండబట్టలేక, "ఒరేయ్, నిజంగా వినపడిందంట్రా? కింద పరుపు మడతపెట్టి వేశాన్రా. మా కెప్టెన్ గారు రెండు రోజుల్నించీ మెతుకు ముట్టలేదు. చల్లన్నంలోకైనా రెండు ముద్దలు తింటారేమోనని నూరాను. ఆ మూడు దెబ్బలూ అద్దుకున్నట్టే వేశాను. ఆ టక్కుంది చూశావూ, అది చెయ్యి మాట వినదురా, అలవాటైపోయింది" అన్నాడు.

నిశ్శబ్దం పాటించనందుకు ఆయనకి పదిహేను రోజుల సెలవు రద్దు చేశారు. అదే కాగితం అడుగున, రోలు బోటులోనే ఉండవచ్చు అని వాళ్ళ కెప్టెన్ చేతిరాత.

ఇదీ అసలు సంగతి. చిన్నవాళ్ళకి ఇక్కడితో ఆపేసి, చూశారా, చెవులు ఎంత ముఖ్యమో అని చెప్పి ఉంటే నాకు గౌరవంగా ఉండేది. ఇన్నేళ్ళూ అలాగే చెప్పుకుంటూ వచ్చాను. ఈ నవంబరు తొమ్మిదిన అది కాస్తా పోయింది.

ఆ రోజు అన్నయ్య, వదిన చర్చి నుంచి వచ్చేసరికి మేం షెడ్డు చేరాం. కొర్రమీను పులుసు అప్పటికే పొయ్యి మీద ఉంది. మాటల్లో కెప్టెన్ గారు హిందీలో అన్నారు: "నాకు ఒక కోరిక ఉంది. ఆ రోజు నువ్వు నిజంగా గుర్తుపట్టావా, అదృష్టం కలిసొచ్చిందా? ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్న వదలడం లేదు. రోలు ఉంది, మనుషులు ఉన్నారు. పరీక్ష పెడదాం."

నవ్వేసి, ముందు భోజనం చేద్దామన్నాను. నేను జీవితంలో చేసిన పని అని చెప్పుకోదగ్గది అదొక్కటే.

"ఇంట్లో పక్కగదిలోంచి పిలిస్తే వినపడదండి ఈయనకి" అంది నా భార్య. "సముద్రంలో రోలు వినపడిందట. చెవి మిషను పెట్టుకోండి ముందు."

పెట్టుకున్నాను. చెరువు వైపు తిరిగి కూర్చున్నాను. గూడబాతులు రెండు నీళ్ళ మీద తేలుతున్నాయి. ఏరేటర్లు ఆపించారు. షెడ్డు వెనక ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు నూరుతారు, అన్నయ్య ఎవరో నేను చెప్పాలి.

మొదటి వరస విన్నాను. తీరూ తెన్నూ లేదు, రోలు మీద కోపం ఉన్నట్టుంది. "మా ఆవిడ" అన్నాను. వెనక నుంచి, "మహా కనిపెట్టారు" అని వినపడింది.

రెండోది: ధబ్, ధబ్, ధబ్, టక్. ఒక ఊపిరి. నాకు ప్రాణం లేచొచ్చింది.

మూడోది: ధబ్, ధబ్, ధబ్, టక్. ఒక ఊపిరి.

మళ్ళీ నూరమన్నాను. మళ్ళీ నూరారు. చెవి మిషను సర్దుకున్నాను. రెండూ ఒక్కటే. ఆ టక్‌లో మూడోదానికి కొంచెం దర్జా ఎక్కువ ఉందనిపించింది.

"మూడోది అన్నయ్య."

వెనక నుంచి వదిన నవ్వు. "నేనండి తమ్ముడుగారూ."

అన్నయ్య బండ పట్టుకునే బయటికొచ్చాడు. "అది ఈవిడ దగ్గర నేర్చుకున్నదేరా."

"మీ అమ్మ దగ్గర అన్నావు కదా!"

"పెళ్ళాం దగ్గర నేర్చుకున్నానని చెప్తే బోటులో ఉంచుతారంట్రా?"

"పెళ్ళయిన కొత్తలో బండకంటిన పచ్చడంతా వేలితో తీసుకుని నాకేసేవారండి ఈయన" అంది వదిన కెప్టెన్ గారితో. "అంచు మీద ఒక్కటి కొట్టండి, రాలిపోద్ది అని నేనే చెప్పాను. మా ఊళ్ళో అందరం అంతేనండి."

నా భార్య ఆ మాట హిందీలో చెప్పింది. కెప్టెన్ గారు నా వైపు తిరిగారు. "ప్రపంచంలో ఒక్కడే అన్నావు."

"అన్నాను సార్."

"శత్రువు బోటులో ఈమె ఊరివాళ్ళు ఎవరైనా వంట చేస్తూ ఉండి ఉంటే?"

నా భార్య అది తెలుగులో చెప్పగానే వదిన, "మా ఊరోళ్ళు వండితే వాళ్ళు యుద్ధానికెందుకొస్తారండీ? శుభ్రంగా తిని పడుకునేవారు" అంది.

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. సంచిలోంచి ఆ ఏడాది డైరీ తీశాను. ఒక్క పేజీ తప్ప మిగతాదంతా అందరికీ చూపిద్దామని తెచ్చిన డైరీ అది. ఆ పేజీయే తెరిచి కెప్టెన్ గారి చేతికిచ్చి, తెలుగు రాదు కాబట్టి నేనే చదివాను. ఆ సాయంత్రం రాసుకున్న వాక్యం: "కెప్టెన్ గారితో వందకి వంద అన్నాను. నిజానికి నా నమ్మకం అరవై. ఇది ఎవరికీ చెప్పరాదు."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఆ రోజు నీ ముఖం చూస్తే నాకూ అంతే అనిపించింది. వందకి వంద ఉన్నవాడికి అంత చెమట పట్టదు. నీ పాత డైరీలో ఆ పద్నాలుగో నంబరు చూశాను. స్నేహితుడి రోలు మీద కూడా ఉన్నది ఉన్నట్టు రాసిన మనిషివి. అక్కడ నాకో నలభై దొరికింది. నీ అరవై, నా నలభై. సరిపోయింది కదా" అని డైరీ మూసి నాకిచ్చారు. "భోజనం పెట్టండమ్మా."

అన్నయ్య నా కంచంలో మూడోసారి పచ్చడి వేస్తూ, "అరవైకి నా ప్రాణం పందెం కట్టావంట్రా?" అన్నాడు.

"లేదన్నయ్యా, నాది కూడా కట్టాను."

"సర్లే, నెయ్యేసుకో."

ఆ రాత్రికి అందరం అక్కడే ఉండిపోయాం.

నవంబరు 10, సోమవారం. ఉదయం ఆరున్నర. చెవి మిషను పెట్టుకోగానే మొదట వినపడింది రోలే. మూడు మెత్తగా, ఒకటి గట్టిగా. అన్నయ్యా, వదినా? పరుపు మీదే కూర్చుని డైరీ తీసి, పోయిన పరువు తెచ్చుకుందామని, పది వరసలు విన్నాను. ఒకసారి అన్నయ్య అనిపించింది, ఒకసారి వదిన. ఇద్దరి పేర్లూ రాసి, ఇద్దరివీ కొట్టేసి, లేచి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళాను.

కెప్టెన్ గారు. అన్నయ్య లుంగీ కట్టుకుని, పీట మీద కూర్చుని, ముక్కు చివర చెమటతో, బండ రెండు చేతులా పట్టుకుని నూరుతున్నారు. వదిన పక్కన నిలబడి, "వేలు పెట్టకండి సార్, అంచు మీద కొట్టండి, అంచు మీద" అంటోంది.

నా అడుగు చప్పుడికి ఆయన చెయ్యి ఆగింది. తల తిప్పలేదు.

"ఎవరు?"

"మనవాళ్ళే సార్."

"వందకి ఎంత?"

"వందకి వంద సార్" అన్నాను. ఈసారి డైరీలో వేరే అంకె రాసుకోనక్కర్లేకపోయింది.